శనివారపు అడుగులు

సింగపూర్‌లో అగ్నిపర్వతం లేదు. తిరిగి వచ్చాక నన్ను పలకరించినవారిలో చాలామందికి ఈ సంగతి చెప్పవలసి వచ్చింది గనుక ఇక్కడ మొదటే రాస్తున్నాను. ఆ దేశంలో చెప్పుకోదగిన గుట్ట ఒకటే ఉంది. దానిని ఉదయపు నడకలో భాగంగా ఎక్కి దిగేవారున్నారు. అయినా నేను వెళ్లింది ఒక అగ్నిపర్వతాన్ని పరీక్షించటానికే. కొండ జావా ద్వీపంలో ఉంది. దాని కదలికలు మాత్రం టెలిఫోన్ తీగ మీద సింగపూర్‌కు వస్తాయి.

ఆ కొండ పేరు రాయను. దాని వాలు మీద ఇప్పటికీ మనుషులు ఉంటున్నారు. నేను చూసింది ఒక్క సందర్భం. ఒక్క సందర్భాన్ని పట్టుకొని ఒక ఊరి పేరు చెప్పి భయపెట్టే హక్కు నాకు లేదు.

మద్రాసు నుంచి

రెండువేల సంవత్సరంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం గడిచిపోయి, ఆ భయం పుట్టించిన ఉద్యోగాలు మాత్రం మిగిలిన రోజులవి. విమానంలో నా చుట్టూ కూర్చున్నవారంతా పాతికేళ్ల లోపు తెలుగు కుర్రవాళ్లు. పై అరల్లోంచి ఆవకాయ వాసన వస్తోంది. పక్క సీటు అబ్బాయి నన్ను ఏ పని మీద వెళుతున్నారని అడిగాడు. జావాలో ఒక పని ఉందన్నాను.

"ఈ వయసులో జావా నేర్చుకున్నారా మేడమ్? గ్రేట్ అండీ," అన్నాడు.

కొండ సంగతి వివరించటం మొదలుపెట్టేసరికి అతడు నిద్రపోయాడు.

నేను హైదరాబాదులో ఒక భూకంప పరిశోధనశాలలో ఇరవై ఏడేళ్లు పనిచేశాను. నా పని ఇతరుల రికార్డులు తెచ్చుకొని, వారు చూశామన్నది నిజంగా అందులో ఉందా లేదా అని తేల్చటం. ఎక్కువసార్లు ఉండదు. నా దగ్గర కొంతకాలం పనిచేసి, తరువాత సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లిన ప్రభాకర్ సింగపూర్‌లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. అగ్నిపర్వతం పేలటానికి కనీసం సగం రోజు ముందే హెచ్చరించే ప్రోగ్రామ్ తయారుచేశామని అతడు రాశాడు. కొండ ఉన్న జిల్లా అధికారులు కొనటానికి సిద్ధంగా ఉన్నారు. బయటి శాస్త్రజ్ఞులెవరైనా పరీక్షించి సంతకం చేయాలన్నది వారి షరతు. సంతకం పడితే కొండ మీది కాపలా గదిని మూసివేస్తారు. ఇకమీదట కాపలాదారు చూసి చెప్పనక్కరలేదు; కంప్యూటరే జిల్లా కార్యాలయానికి ఫోన్ చేస్తుంది.

ఆ సంతకం కోసమే నాకు టిక్కెట్టు పంపారు.

టాంపినీస్, పద్నాలుగో అంతస్తు

టాంపినీస్‌లో భవనాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. గోడ మీద అంత ఎత్తున రాసిన నంబరు లేకపోతే ఎవరి ఇల్లు వారికే దొరకదు. నేను మొదటి సాయంత్రం నడకకు వెళ్లి, పక్క భవనంలో అదే అంతస్తు ఎక్కి, అదే తలుపు తట్టి, ఒక మలయ్ పెద్దాయన చేత దారి చెప్పించుకొని తిరిగి వచ్చాను. ఆయన నవ్వలేదు. ఇది తరచుగా జరిగేదే అయి ఉంటుంది.

ప్రభాకర్ ఇంట్లో తలుపు తీసినది ముప్పై ఏళ్ల జావా స్త్రీ. పేరు యాంతి.

"రండి అమ్మగారూ. కాళ్లు కడుక్కుంటారా, ముందు మంచినీళ్లు తాగుతారా?" అంది. అచ్చమైన గుంటూరు యాస.

ఆరేళ్లుగా ఆ ఇంట్లోనే ఉండి పనిచేస్తోంది. ఆ ఇంటి పాప కీర్తి ఎనిమిదేళ్లది. తల్లి తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. కనుక ఆ ఇంట్లో ప్రభాకర్ భార్య సునీతతో తీరిగ్గా తెలుగు మాట్లాడే మనిషి యాంతి ఒక్కతే. గోంగూర కట్ట డాలరున్నర, అంటే మన నలభై రూపాయలు. ఆ కట్టను యాంతి ఆకు ఆకూ గిల్లి, ఒక్క కాడ కూడా పడకుండా చూడటం గమనించాను. పచ్చడి సునీత చేసినదానికంటే యాంతి చేసినదే బాగుందని ప్రభాకర్, భార్య ఎదుటే అన్నాడు. "నేర్పింది ఎవరో కూడా చెప్పండి," అంది సునీత.

హాల్లో టీవీ పక్కన ఒక కంప్యూటర్ ఉంది. నల్లని తెర మీద ఆకుపచ్చని గీత ఒకటి ఎడమ నుంచి కుడికి సన్నగా వణుకుతూ నడుస్తోంది. అది దేనిదని అడిగేలోపే కీర్తి, మాట చివర 'లా' తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో చెప్పింది.

"దట్ వన్ యాంతీస్ మౌంటెన్ లా, ఆంటీ."

అప్పుడు తెలిసింది. ఆ కొండ యాంతి పుట్టిన ఊరి కొండ. ఆమె తండ్రే అక్కడి కాపలాదారు. గదిలో గుండ్రంగా తిరిగే కాగితం మీద సూది గీసే గీతను చూడటం, రోజూ కాగితం మార్చటం ఆయన ఉద్యోగం. కొండ పైన పాతిన సెన్సార్ దగ్గరికి శనివారం శనివారం ఎక్కి, ఆకులూ బూడిదా తుడిచి రావటం కూడా ఆయన పనే. పనిమనిషి మాటల్లోంచే ప్రభాకర్‌కు ఈ ప్రోగ్రామ్ ఆలోచన వచ్చిందట. ముసలాయనకు విశ్రాంతి దొరుకుతుందని అతడి నమ్మకం. యాంతి నమ్మకం ఏమిటో నేను ఆ రోజు అడగలేదు. ఊడుస్తూ ఊడుస్తూ ఆమె తెర ముందు ఆగి, గీతను ఒకసారి చూసి, మళ్లీ ఊడ్చుకుంటూ వెళ్లేది.

ఖాళీలు లేని రికార్డు

శనివారం ఉదయం ఆఫీసుకు వెళ్లాం. సెలవు రోజు కావటం వల్ల అంతస్తు అంతా ఖాళీ. కుర్చీల మీద స్వెట్టర్లు వేలాడుతున్నాయి. ఎండ మండే ఊళ్లో స్వెట్టర్లు ఎందుకంటే, ఏసీ చలికి. అద్దాల గదిలో కంప్యూటర్ మిషన్లు మాత్రం పనిచేస్తున్నాయి. లోపలికి వెళితే వాటి హోరుకు పక్కవాళ్ల మాట వినపడదు.

ప్రభాకర్ గడిచిన పేలుళ్లను వరుసగా చూపించాడు. వాటిలో చాలావాటికి ముందు కొండ వణుకు కొద్దికొద్దిగా పెరిగింది. ప్రోగ్రామ్ ఆ పెరుగుదలను పట్టుకొని కేక వేసింది. నేను నా అలవాటు ప్రకారం, కేక వేసిన తరువాత ఏమీ జరగని సందర్భాలు ఎన్నని అడిగాను. దాచకుండా చూపించాడు. ఎక్కువ లేవు. కేక వేయకుండానే పేలిన సందర్భాలు అడిగాను. అవీ చూపించాడు. ఒక దొంగను పట్టుకోవటానికి వచ్చిన పోలీసుకు ఇంటివాళ్లే అన్ని గదులూ తెరిచి చూపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది నా పరిస్థితి.

మూడేళ్ల రికార్డులో ఒక్క గంట కూడా ఖాళీ లేదు. కొండల మీద పెట్టిన యంత్రాల సంగతి నాకు తెలుసు. పిడుగు పడుతుంది, ఎలుక వైరు కొరుకుతుంది, బ్యాటరీ అయిపోతుంది. మా సొంత స్టేషన్ల రికార్డుల్లో ఖాళీలే ఎక్కువ. ఇంత నిండైన రికార్డు నేనెప్పుడూ చూడలేదని ప్రభాకర్‌తో అన్నాను. పుస్తకంలో 'ఖాళీలు లేవు' అని రాసుకొని పక్కన టిక్కు పెట్టుకున్నాను. ఆ టిక్కు గురించి తరువాత చెబుతాను.

పదింబావుకు గీత మీద చిన్న చిన్న ముళ్లు లేచాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మళ్లీ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

"యాంతి వాళ్ల నాన్న, మేడమ్. సెన్సార్ దగ్గరికి వస్తున్నాడు. ఎడమ మోకాలు నొప్పి ఆయనకి, అందుకే ఆ కుంటు," అన్నాడు ప్రభాకర్.

ముళ్లు క్రమంగా పెద్దవై ఆగిపోయాయి. ఆయన అక్కడ కూర్చొని నీళ్లు తాగుతాడట. కొద్దిసేపటికి అదే కుంటుతో చిన్నవవుతూ దిగిపోయాయి. ఎన్నడూ చూడని మనిషిని, సముద్రం అవతల నుంచి, అడుగుల ద్వారా మాత్రమే చూశాను. ఆ గది చలి వల్లనే అనుకుంటాను, నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

క్రాంజీలో కప్పలు

దూరపు భూకంపాలను పోల్చి చూడటానికి ప్రభాకర్ ఇంకొక సెన్సార్‌ను క్రాంజీలో పెట్టించాడు. ఊరికి వాయవ్యంగా, మనుషులు తక్కువగా ఉండే చోటు. పొలాలు, పనివాళ్ల వసతి గృహాలు, యుద్ధంలో చనిపోయినవారి శ్మశానం. బస్సులోంచి ఆ తెల్లని రాళ్ల వరుసలు చాలాసేపు కనిపిస్తాయి. కొలబద్ద పెట్టి నాటినట్టు ఎటు చూసినా వరుస తప్పవు. ఆ మధ్యాహ్నం అక్కడ పచ్చిక కోసే మనిషి ఒక్కడే కదులుతున్నాడు.

సెన్సార్ ఉన్నది కప్పలు పెంచే ఒక తోటలో. మనం కోళ్లను పెంచినట్టు వాళ్లు కప్పలను తొట్లలో పెంచి, గంజిలో వండుకొని తింటారు. యజమాని లిమ్ అంకుల్ అరవై దాటిన చైనా మనిషి. ప్రభాకర్‌కు గంజి పెట్టాడు. నేను తిననని తెలిసి జామకాయ కోసి పులుపు పొడి చల్లి ఇచ్చాడు. మన ఉప్పూకారం ముందు అది నిలవదు గాని, ఆ ఎండలో బాగానే ఉంది.

భూమి కదిలే ముందు తన కప్పలు నోరు మూసుకుంటాయని ఆయన చెప్పాడు. ఎన్నిసార్లు మూసుకున్నాయి, ఎన్నిసార్లు కదిలింది, మూసుకున్నా కదలనిది ఎన్నిసార్లు అని అడిగాను. ఆయన లెక్క రాయలేదు. లెక్క లేకపోతే అది కథ అవుతుందని మర్యాదగానే చెప్పాను.

అప్పుడే అవి ఆగిపోయాయి. వందల కప్పల బెకబెకలు ఒకేసారి, ఎవరో మూత పెట్టినట్టు. తొట్టిలో నీటి చుక్క పడిన చప్పుడు వినిపించింది. నేను తలెత్తి చూశాను. తోట మీద ఒక గద్ద తిరుగుతోంది. దాని నీడ తొట్ల మీదుగా పోయింది. కారణం దొరికింది గనుక నేను స్థిమితపడి, గద్దను ఆయనకు చూపించాను.

ఆయన గద్ద వైపు చూడలేదు. కప్పలు అరుస్తుంటే తాను హాయిగా నిద్రపోతాననీ, ఆగితేనే లేచి కూర్చుంటాననీ, అరుపును ఎవడైనా వింటాడనీ అన్నాడు. ప్రభాకర్ దానిని నాకు తెలుగులో మళ్లీ చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆదివారం, దీపం

మర్నాడు ఉదయం ఎనిమిది నలభై ఒకటికి హాల్లో ఇడ్లీ తింటున్నాను. గ్లాసులో నీళ్లు ఒక పక్కకు వాలాయి. చప్పుడేమీ లేదు. బల్ల మీద తీగకు వేలాడే దీపం నెమ్మదిగా ఊగటం మొదలుపెట్టింది. కింద రోడ్డు మీద మనుషులు మామూలుగా నడుస్తున్నారు. పద్నాలుగో అంతస్తులో మాత్రం గది మొత్తం, ఎవరో రెండు చేతులతో పట్టుకొని జోకొడుతున్నట్టుగా, అటూ ఇటూ కదిలింది. రెండు నిమిషాల సేపు. కీర్తి తల కూడా ఎత్తలేదు. "అగైన్ లా," అని పాలు తాగింది.

ఇందులో వింత లేదు. సుమత్రా దగ్గర పెద్ద భూకంపం వస్తే, దాని నిదానమైన అలలు వందల మైళ్లు నడిచి వచ్చి సింగపూర్‌లో ఎత్తయిన ఇళ్లను ఊపుతాయి. నేలమీద ఉన్నవారికి తెలియదు. నేను టైము రాసుకొని, కంప్యూటర్ దగ్గరికి వెళ్లాను. ఈ గ్లాసులో నీటిని కదిపిన అల జావా కొండను కూడా తాకి ఉండాలి. గీత మీద ఎక్కడో కొద్దిగానైనా కనిపించాలి.

కనిపించలేదు. అరగంట చూశాను. గడియారాల తేడా ఏమైనా ఉందేమోనని సరిచూశాను. గీత ఎప్పటిలాగే సన్నగా వణుకుతూ నడుస్తోంది. దానికి భూకంపం సంగతి తెలిసినట్టు లేదు.

పదింబావుకు ముళ్లు లేచాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

యాంతి తడిగుడ్డ పట్టుకొని వచ్చి నా వెనక నిలబడింది.

"ఇవాళ ఆదివారం కదా అమ్మగారూ. నాన్న శనివారమే ఎక్కుతాడు," అంది.

ఆదివారం ఉదయం ఆమె ఎలాగూ తండ్రికి ఫోన్ చేస్తుంది. ఆమె వెంట నేనూ దిగాను. అక్కడి భవనాల కింద గోడలు లేని పెద్ద హాలు ఉంటుంది. పెళ్లయినా చావయినా అక్కడే చేస్తారు. ఆ రోజు దేనికో తెల్లని గుడ్డలు కట్టి, కుర్చీలు వేసి ఉన్నాయి గాని ఎవరూ రాలేదు. స్తంభానికి ఉన్న ఫోన్‌లో యాంతి కార్డు పెట్టి మాట్లాడింది. తండ్రి కాపలా గదిలోనే ఉన్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె నా వైపు తిరిగి రిసీవర్‌ను అరచేత్తో మూసింది.

"నాన్న ఎక్కలేదు. కింద గదిలోనే ఉన్నాడు. తెల్లారకముందు నుంచి సూది పడుకుందంట. బ్యాటరీ పోయిందనుకుంటున్నాడు. మధ్యాహ్నం నమాజు కాగానే కొత్త బ్యాటరీ భుజాన పెట్టుకొని ఎక్కుతాడంట."

కొండ మీద ఇంకెవరైనా ఉన్నారా అని అడిగించాను. ఎవరూ లేరు.

"అయితే అమ్మగారూ, మా నాన్నలాగే కుంటుతూ పైన నడుస్తున్నది ఎవరు?"

నాకు తెలియదని చెప్పాను. ఆగమని ఆయనతో చెప్పమంటారా అని ఆమె అడిగింది. ఆధారం చూడకుండా ఏమీ చెప్పవద్దు, ముందు నేను ఆఫీసుకు వెళ్లి చూస్తానన్నాను. అంతలో కార్డులో డబ్బు అయిపోయి లైను తెగిపోయింది. ఈ యాత్రలో నేను చేసిన పొరపాట్లలో చెప్పటానికి ఇబ్బందిగా ఉన్నది ఇదే. ఆగమనటానికి ఆధారం అక్కరలేదు. ఎక్కమనటానికి కావాలి.

రెండు గీతలు

ప్రభాకర్‌ను లేపి, యాంతిని కూడా తీసుకొని టాక్సీలో వెళ్లాం. దారిలో వాన, రోడ్డు మీద కార్లన్నీ ఆగాయి. ఆఫీసు చేరేసరికి పన్నెండున్నర. జావా గడియారం ఒక గంట వెనక గనుక, అక్కడ ఇంకా నమాజు వేళ కాలేదు.

శనివారం గీతనూ ఆదివారం గీతనూ ఒకదాని మీద ఒకటి పెట్టమన్నాను. ప్రభాకర్ పెట్టాడు. తెర మీద ఒక్క గీతే ఉంది. రెండోది ఎక్కడని అడిగాను.

"రెండూ ఉన్నాయి మేడమ్," అన్నాడు. ఒకదానిని కొద్దిగా పక్కకు జరిపి చూపించాడు.

తెల్లవారుజాము నుంచీ మేము చూస్తున్నది నిన్నటి కొండను. అందులోని ప్రతి వణుకూ, ఆ ముసలాయన ప్రతి అడుగూ నిన్నటివే.

కారణం కనుక్కోవటానికి ఎక్కువసేపు పట్టలేదు. కొత్త ప్రోగ్రామ్‌ను పూర్తిగా కొత్తగా ఎవరూ రాయరట. పాత ప్రాజెక్టులలో పనికివచ్చిన ముక్కలు తెచ్చి అతుకుతారు. ఈ కంపెనీ మొదట కరెంటు మీటర్ల బిల్లుల పని చేసింది. మీటరు పాడై రీడింగ్ రాకపోతే బిల్లు ఆగకూడదు గనుక, అంతకు ముందు మంచిగా ఉన్న రోజు అదే గంటకు వచ్చిన అంకెలు తెచ్చి ఖాళీని నింపాలన్నది అక్కడి నియమం. అంకె మరీ చిన్నదైతే మీటరు చచ్చినట్టు లెక్క. కరెంటు బిల్లులకు అది మంచి నియమమే. ఆ ముక్క అలాగే కొండకు వచ్చింది.

"ఆ రూల్ రాసింది నేనే మేడమ్. కంపెనీ పెట్టిన కొత్తలో. ఇందులో ఉందన్న సంగతే మర్చిపోయాను," అన్నాడు ప్రభాకర్.

ఖాళీలు లేని రికార్డును నేను మెచ్చుకున్నాను. అనుమానించవలసినది దానినే.

మార్పులు చేయని అసలు అంకెలు అద్దాల గదిలోని మిషన్‌లో ఉన్నాయి. వాటిని బయట ప్రభాకర్ బల్ల మీది తెరకు తెచ్చుకొని చూశాం. తెల్లవారుజామున అయిదూ ఇరవై దాకా వందలు, వేలు. ఆ తరువాత దాదాపు ఏమీ లేదు. బ్యాటరీ పోయిందా? చచ్చిన యంత్రం ఒకే అంకెను పంపుతుంది, లేదా ఏమీ పంపదు. ఇక్కడ అంకెలు మారుతున్నాయి: రెండు, సున్న, ఒకటి, మళ్లీ రెండు. అప్పుడు ఎనిమిది నలభై దాటిన చోటుకు జరపమన్నాను. అక్కడ ఉంది. పొడవైన, నిదానమైన అల. టాంపినీస్‌లో దీపాన్ని ఊపినదే.

సెన్సార్ బ్రతికే ఉంది. దూరపు సుమత్రా కదలికను కూడా వింటోంది. తాను కూర్చున్న కొండ మాత్రం దానికి వినిపించటం లేదు.

కొన్ని అగ్నిపర్వతాలు పేలే ముందు కొన్ని గంటలు మౌనంగా ఉంటాయి. లోపలి దారి మూసుకుపోయి, ఆవిరి బయటికి రాలేక ఒత్తిడి పెరుగుతుందని ఒక వివరణ. అన్నీ అలా ఉండవు. మౌనం తరువాత ఏమీ జరగని సందర్భాలూ ఉన్నాయి. ఇదే కొండ పాత పేలుళ్ల అసలు అంకెలను వెంటనే తీయించాను. కొన్నిటి ముందు మౌనం ఉంది, కొన్నిటి ముందు లేదు. ఉన్న ప్రతిచోటా ప్రోగ్రామ్ దానిని ముందు రోజుతో కప్పివేసింది. సూది పడుకున్న ప్రతిసారీ ముసలాయన బ్యాటరీ మోసుకొని కొండ ఎక్కాడు. ఇన్నేళ్లలో ఆయన పైన ఉండగా పేలకపోవటం ఎవరి పుణ్యమో నేను చెప్పలేను.

అప్పటికి ఒంటి గంట దాటి ఇరవై నిమిషాలు.

కొయ్య చప్పుడు

యాంతి ఆఫీసు ఫోన్ నుంచి కాపలా గదికి చేసింది. ప్రభాకర్ స్పీకర్ నొక్కాడు. చాలాసేపు మోగింది. ఎత్తినది ఆమె తల్లి; భర్తకు అన్నం తెచ్చిందట. ఆయన నమాజు ముగించి, అన్నం తిరిగి వచ్చి తింటానని చెప్పి వెళ్లి కొంతసేపైంది. కేక వేసినా వినపడనంత దూరం పోయాడు.

ఆ ఊళ్లలో చూరుకు ఒక కొయ్య మొద్దు వేలాడదీసి ఉంటుంది. లోపల తొలిచి, చీలిక పెట్టి, కర్రతో వాయిస్తారు. దొంగలు పడితే ఒక వాయింపు, నిప్పు అంటుకుంటే ఒకటి, చావుకు ఒకటి. దానిని వాయించమని యాంతి తన తల్లికి చెప్పింది. అవతల రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తరువాత కొయ్య మోత మొదలైంది.

సింగపూర్‌లో ఆ చల్లని ఖాళీ గదిలో ముగ్గురం నిలబడి విన్నాం. ఆపకుండా, ఒకే వేగంతో, ఎండిన కొయ్య మోత. దాని వెనక ఇంకే చప్పుడూ లేదు. పక్షులు కూడా లేవని నాకు అనిపించింది. ఫోన్‌లో పక్షులు వినపడతాయో లేదో నేను పరీక్షించలేదు కనుక దానిని లెక్కలోకి తీసుకోవద్దు.

దాదాపు అరగంట తరువాత రొప్పుతున్న మగ గొంతు వచ్చింది. కోపంగా ఉంది. యాంతి ఏదో చెప్పింది, ఆయన ఎదురు చెప్పాడు. ఆమె నా వైపు తిరిగింది.

"కొత్త బ్యాటరీ వేయకపోతే జీతంలో కోస్తారంటున్నాడు. ఇన్నేళ్లూ సూది పడుకున్నప్పుడల్లా బ్యాటరీయేనంట. మీరు చదువుకున్నవారు కదా, ఏమంటారని అడుగుతున్నాడు. అమ్మగారూ, ఎక్కమననా, వద్దననా? ఒక్క మాట చెప్పండి."

నా నాలుక మీదికి వచ్చిన మాట 'తెలియదు'. ఇరవై ఏడేళ్లుగా నేను నిజాయితీగా చెప్పిన మాట అదే, అప్పటికీ నిజం అదే.

"ఎక్కవద్దని చెప్పు," అన్నాను.

ఆమె చెప్పింది. నేను చెప్పినదానికంటే చాలా పొడుగ్గా చెప్పింది.

అయితే కథ అంతటితో ఆగలేదు, అది నా ఘనత కూడా కాదు. యాంతి తల్లికి భయంలో చేతికి వచ్చిన వాయింపు ఒక్కటే. ఆపకుండా వాయిస్తే, కొండ లేచింది, ఊరు వదలండి అని అర్థమట. ఒక్క మనిషిని వెనక్కి పిలవటానికి ఆమె వాయించింది; కాపలా గది ఉన్న పై ఊరు మొత్తం మూటలతో, మేకలతో వీధిలోకి వచ్చింది. బయటికి వచ్చాక తిరిగి లోపలికి వెళ్లటం ఎవరికీ ఇష్టం లేకపోయింది. ముసలాయన వారిని ఆపాలని చూసి, చివరికి వారితోనే దిగాడు. రిసీవర్‌ను పెట్టేయటం ఎవరికీ గుర్తు రాలేదు.

కాబట్టి మేము ఆ ఖాళీ గదిని వింటూ ఉండిపోయాం. ముందు మాటలు, కోళ్లు, ఒక మోటారు సైకిల్. తరువాత అవీ పోయాయి. మిగిలింది కాగితం తిప్పే యంత్రం చిన్న చప్పుడు. తిరుగుతూనే ఉంది, సూది తిన్నని గీత గీస్తూ ఉండాలి. ప్రభాకర్ పెట్టేద్దామా అని అడిగాడు. వద్దన్నాను.

మూడూ యాభై రెండుకు అసలు అంకెలు ఒక్కసారిగా అయిదంకెలకు లేచాయి. ఫోన్‌లో మొదట గాజు కిటికీ గలగలమంది. దాని తరువాత వచ్చిన శబ్దాన్ని దేనితో పోల్చాలో నాకు తెలియదు, పోల్చను. లైను తెగింది. కొద్దిసేపటికి అంకెలు కూడా ఆగాయి. ఈసారి మారటం లేదు: సున్న, సున్న, సున్న.

పక్క తెర మీద ఆకుపచ్చ గీత ఒక్కసారి ఎగిరి, మళ్లీ శనివారం మధ్యాహ్నంలాగే సన్నగా వణుకుతూ నడుస్తోంది.

మేము ఇల్లు చేరాక, సాయంత్రం ఆరింటికి కింది పట్నం నుంచి యాంతి మేనమామ ఫోన్ చేశాడు. ఊరంతా ఒక బడిలో ఉంది. ఇళ్ల మీద రాళ్లు పడ్డాయి, మేకలు కొన్ని పోయాయి. మనుషులు అందరూ ఉన్నారు. యాంతి తన తండ్రిని పిలిపించి, మాట్లాడించి, అప్పుడు ఏడ్చింది. కీర్తి ఆమె ఒళ్లో కూర్చొని, మొదటిసారిగా తెలుగులో, "ఏడవకు యాంతీ," అంది.

మంగళవారం, పదింబావు

సంతకం చేయలేదని వేరే చెప్పనక్కరలేదు. నివేదికలో నేను రాసినది ఇది: మౌనం హెచ్చరిక అని ఈ ఒక్క సందర్భంతో రుజువు కాదు, అయితే మౌనాన్ని చెరిపివేసే ప్రోగ్రామ్ దేనినీ రుజువు చేయలేదు, కాపలా గదిని మూయరాదు, సూది పడుకున్నప్పుడు ఎవరినీ పైకి పంపరాదు. చివరి వాక్యం కింద గీత గీశాను. ప్రభాకర్ ఆ నివేదికను మార్చకుండా తానే జిల్లాకు పంపాడు. బేరం పోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అతడు గోంగూర పచ్చడిని మెచ్చుకోలేదు.

నా పుస్తకంలో 'ఖాళీలు లేవు' పక్కన టిక్కు అలాగే ఉంది. కొట్టివేయలేదు. హైదరాబాదు వచ్చాక మా పాత రికార్డులు తీసి, నేను స్వయంగా 'యంత్రలోపం' అని రాసి పక్కన పెట్టిన కాగితాలన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ చూస్తున్నాను. ఇంకా పూర్తి కాలేదు.

మంగళవారం నా విమానం మధ్యాహ్నం. సామాను సర్దుకొని హాల్లో కూర్చున్నాను. కంప్యూటర్ నడుస్తూనే ఉంది; రెండు రోజులుగా దాని జోలికి ఎవరూ వెళ్లలేదు. సెన్సార్ లేదు. అది పాతిన రాయి లేదు. ఆ రాయి ఉన్న వాలు కూడా లేదని మేనమామ చెప్పాడు. గీత మాత్రం వణుకుతూ నడుస్తోంది.

పదింబావుకు ముళ్లు లేచాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పట్నం బడిలో చాప మీద కూర్చున్న మనిషి, లేని కొండ వాలు మీద, లేని సెన్సార్ వైపు కుంటుతూ ఎక్కుతున్నాడు. కారణం నాకు తెలుసు. నియమం తెలుసు, అది రాసిన మనిషి తెలుసు. తెలిసినా చూపు తిప్పుకోలేకపోయాను.

యాంతి వచ్చి నిలబడింది. ఆర్పేయమంటావా అని అడిగాను. ఆగమన్నట్టు చెయ్యి చూపించింది. అడుగులు దగ్గరికి వచ్చి ఆగాయి. ఆయన నీళ్లు తాగినంతసేపూ గీత సన్నగా వణికింది. తరువాత ముళ్లు మళ్లీ మొదలై, చిన్నవవుతూ, చిన్నవవుతూ దిగిపోయాయి. చివరి అడుగు కూడా కనపడకుండా పోయిన తరువాత ఆమె తడిచేతిని, చీర కట్టకపోయినా కొంగుకు తుడుచుకున్నట్టు, నడుముకు తుడుచుకొని, స్విచ్ ఆర్పింది.